అనుకున్నదీ అయినదీ: నిర్ణయాల పుస్తకంతో ఒక ఏడాది

మన నిర్ణయాలను రాసుకునే ఈ పుస్తకంలో మొదట్లో నాకు విసుగు పుట్టించినదీ, చివరకు దీన్ని కొనదగిన వస్తువుగా నిలబెట్టినదీ ఒకటే: ప్రతి ఎడమ పేజీ మీదికీ మడిచి మూసే కాగితపు రెక్క. నిర్ణయం తీసుకునే రోజున ఎడమ పేజీలో మన ఆలోచనంతా రాసి, రెక్క మూసి, ఫలితం తేలే తేదీని దాని మీద వేయాలి. ఆ తేదీ వచ్చాక కుడి పేజీలో మొదట రాయవలసింది ఏం జరిగిందన్నది కాదు. రెక్క తెరవకుండా, ఆనాడు మనం ఏమనుకున్నామో గుర్తున్నంత వరకు రాయాలి. ఆ తర్వాతే తెరిచి చూడాలి. పన్నెండు నెలల్లో నేను ఈ పని డెబ్బై సార్లకు పైగా చేశాను. గుర్తున్నదీ రాసినదీ సరిగ్గా ఒకటైన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఇటువంటి నిర్ణయాల పుస్తకాలను ఇప్పుడు పలువురు తయారు చేస్తున్నారు. నేను వాడినదాని లోపాలను కూడా వివరంగా చెప్పదలచాను గనుక తయారీదారు పేరు రాయడం లేదు. పేజీల అమరిక ఎలా ఉందో చెబుతాను కాబట్టి కొనదలచినవారు తమ ముందున్న పుస్తకంతో పోల్చి చూసుకోవచ్చు. ఎడమ పేజీలో వరుసగా నిర్ణయం ఏమిటో ఒక్క వాక్యం, ఆలోచించిన ప్రత్యామ్నాయాలు, ఎంచుకున్నదానికి కారణాలు, వ్యతిరేక కారణాలు, ఏం జరుగుతుందని ఆశిస్తున్నాం, అది జరిగే అవకాశం నూటికి ఎంత, ఇటువంటి పనులు ఇతరులకు ఎలా ముగిశాయి, ఆ రోజు మన మనఃస్థితి అనే గడులు ఉంటాయి. పుస్తకం మొదట్లో ఆలోచనా దోషాలను వివరించే చిన్న పరిచయ భాగం, చివర్లో మన అంచనాలను లెక్కగట్టే పట్టికలు, ఏడాది సమీక్ష పేజీ ఉన్నాయి. దీనితోపాటు ఫోన్‌లో వాడుకునే యాప్ కూడా ఇస్తారు.

రెక్క ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి నా పుస్తకంలోని ఒక నమోదును ఉదాహరణగా తీసుకుంటాను. ఒక పాత సహోద్యోగిని మా బృందంలోకి తీసుకోవాలని గట్టిగా సిఫారసు చేశాను. ఆరు నెలలు తిరిగేసరికి ఆ అమరిక ఇద్దరికీ కుదరలేదని తేలిపోయింది. కుడి పేజీలో నేను ఎంతో నిజాయితీగానే రాసుకున్నాను: ‘మొదటి నుంచీ కొంత సందేహం ఉంది, నూటికి అరవై వంతులు కుదురుతుందనుకున్నాను.’ రెక్క తెరిస్తే ఎడమ పేజీలో నా చేతిరాతలోనే తొంభై అని ఉంది. వ్యతిరేక కారణాల గడిలో ఒక అడ్డగీత తప్ప ఏమీ లేదు. ఆ సందేహం మొదటి నుంచీ ఉన్నది కాదు; ఫలితం తెలిశాక పుట్టి, వెనక్కి వెళ్ళి మొదటి రోజున కూర్చుంది. నేను అబద్ధం ఆడలేదు, నా జ్ఞాపకమే అలా మారిపోయింది. ఇది నాకు చాలా కలవరం కలిగించింది, ఎందుకంటే అంతకు ముందు దశాబ్దాలుగా నా అనుభవం అని దేన్ని నమ్ముకున్నానో అదంతా ఇలా సవరణకు గురైన జ్ఞాపకమే అయి ఉండవచ్చు.

ఈ దోషాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ 1975లో ప్రచురించిన అధ్యయనంలో స్పష్టంగా చూపించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1972లో చైనాకూ సోవియట్ యూనియన్‌కూ వెళ్ళే ముందు, ఆ పర్యటనల్లో ఏయే పరిణామాలు ఎంత మేరకు సంభవించవచ్చో విద్యార్థుల చేత అంచనా వేయించారు. పర్యటనలు ముగిశాక అప్పుడు తాము ఇచ్చిన అంకెలను గుర్తు చేసుకోమన్నారు. జరిగిందని తాము నమ్మిన పరిణామాలకు ముందే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టుగా చాలామంది గుర్తు చేసుకున్నారు. ‘నాకు ముందే తెలుసు’ అనే మాటను మనం అంత ధీమాగా పలకగలగడం వెనుక ఉన్నది ఇదే. ఈ మాట వల్ల కలిగే నష్టం ఏమిటంటే, ముందే తెలిసి ఉంటే నేర్చుకోవలసింది ఏమీ మిగలదు. పుస్తకం తయారీదారు ఈ విషయాన్ని పరిచయ భాగంలో నాలుగు వాక్యాల్లో సరిపెట్టి, రెక్కను మాత్రం ప్రతి పేజీకి పెట్టారు. ఆ ఎంపిక సరైనదని నా అభిప్రాయం; ఇది చదివి తెలుసుకునే విషయం కాదు, తన రాతలో తాను పట్టుబడినప్పుడు తెలిసే విషయం.

రెండో బలం నూటికి ఎంత అని అడిగే గడి. ఇది మొదట కృత్రిమంగా అనిపిస్తుంది. ‘బహుశా కుదురుతుంది’ అని రాస్తే చాలదా అనుకున్నాను. కానీ ‘బహుశా’ అనే మాట ఎప్పటికీ తప్పు కాదు. పని కుదిరితే అందులోని ఆశనూ, కుదరకపోతే అందులోని అనుమానాన్నీ పట్టుకుంటాం. అంకె అలా వంగదు. పుస్తకం చివర్లో ఉన్న పట్టిక గ్లెన్ బ్రయర్ 1950లో వాతావరణ సూచనల కోసం ప్రతిపాదించిన కొలమానాన్ని వాడుతుంది. జరిగితే 1, జరగకపోతే 0 అనుకుని, చెప్పిన అవకాశానికీ దానికీ మధ్య తేడాను వర్గం చేయాలి, అంటే దానితోనే దాన్ని గుణించాలి. తొంభై శాతం అన్నది జరిగితే నష్టం 0.01 మాత్రమే, జరగకపోతే 0.81. అన్నిటికీ యాభై అని రాస్తూ పోయేవారికి ప్రతిసారీ 0.25 పడుతుంది. కాబట్టి అతి ధీమాకు భారీ మూల్యం ఉంటుంది, ఎటూ తేల్చని పిరికితనానికీ మూల్యం ఉంటుంది.

దీనికి పక్కనే మరో పట్టిక ఉంది. అరవై అన్నవన్నీ ఒక చోట, డెబ్బై అన్నవన్నీ ఒక చోట చేర్చి, వాటిలో నిజానికి ఎన్ని జరిగాయో లెక్కించుకోవాలి. అరవై, డెబ్బైల దగ్గర నా అంచనాలు ఫరవాలేదు. తొంభై అని రాసినవి ఇరవై ఒకటి ఉంటే జరిగినవి పద్నాలుగు. అంటే నాకు దాదాపు ఖాయం అనిపించే భావన, మూడింట ఒక వంతు సార్లు నన్ను తప్పుదోవ పట్టించింది. ఇంకా వివరంగా చూస్తే, ఆ ఏడు వైఫల్యాల్లో ఐదు ఇతరుల ప్రవర్తన గురించిన అంచనాలు. పనుల గురించి, వస్తువుల గురించి నా తీర్పు అంత దారుణంగా లేదు. మనుషులు ఏం చేస్తారన్న విషయంలోనే ధీమా హద్దు దాటుతోంది. ఏ పుస్తకమూ, ఏ ఉపన్యాసమూ నా గురించి నాకు ఈ సంగతి చెప్పలేవు.

వాతావరణ సూచకుల ప్రస్తావన ఊరికే రాలేదు. వాన పడే అవకాశం గురించి వారు ఇచ్చే అంకెలు వాస్తవానికి ఎంతో దగ్గరగా ఉంటాయని అలన్ మర్ఫీ, రాబర్ట్ వింక్లర్ 1977లో చూపించారు. వారు మనకంటే తక్కువ పక్షపాతం గల మనుషులు కావడం దీనికి కారణం కాదు. ఈ రోజు అంకె చెబుతారు, రేపటికి ఫలితం తెలిసిపోతుంది, ఎల్లుండి మళ్ళీ చెబుతారు. ఆలోచించకుండానే తట్టే అంతర్‌బుద్ధిని నమ్మవచ్చా అన్న ప్రశ్న మీద చాలాకాలం భిన్న వైఖరులతో ఉన్న మనస్తత్వ శాస్త్రజ్ఞులు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసంలో దాదాపు ఇదే నిర్ణయానికి వచ్చారు: పరిసరాల్లో ఒక క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని తప్పొప్పుల ద్వారా నేర్చుకునే అవకాశం ఉండాలి, ఈ రెండూ ఉన్నచోటే నిపుణుడి తక్షణ తీర్పు నమ్మదగినది. ఉద్యోగం మారడం, భాగస్వామిని నమ్మడం, పెద్ద పని ఒప్పుకోవడం వంటి విషయాల్లో ఫలితం నెలల తర్వాత వస్తుంది, అప్పటికి మన మొదటి అంచనా మనసులో మిగలదు. ఈ పుస్తకం చేసే అసలు పని ఆ తెగిపోయిన లంకెను కలపడం. ఆ పని బాగా చేస్తుంది. నేను దీనికి ఇచ్చే విలువ మొత్తం ఈ ఒక్క కారణం మీదే నిలబడి ఉంది.

‘ఇటువంటి పనులు ఇతరులకు ఎలా ముగిశాయి’ అనే గడి కూడా చాలా ఉపయోగపడింది, ముఖ్యంగా గడువుల విషయంలో. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజుల్లో ముగిస్తామని చెప్పి 55.5 రోజులు తీసుకున్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన సగటు 48.6, నిజం ఆ చెడ్డ అంచనాను కూడా దాటిపోయింది. మనం పనిని లోపలి నుంచి, మన ప్రణాళికలోని మెట్ల వరుసగా చూస్తాం. బయటి నుంచి, అటువంటి పనుల గుంపులో ఒకటిగా చూడం. పుస్తకంలోని గడి ఆ రెండో చూపును బలవంతంగా తెప్పిస్తుంది. నేను దానికి ఒక చిన్న సవరణ చేసుకున్నాను: ఇతరుల సంగతి తెలియనప్పుడు, ఇదే పుస్తకంలో నేను ఇంతకు ముందు ఒప్పుకున్న మూడు పనులకు నిజంగా పట్టిన రోజులు వెతికి రాస్తాను. ఏడాది రెండో సగంలో నా గడువు అంచనాలు బాగుపడ్డాయంటే ఈ అలవాటే కారణం.

ఇక లోపాలు. కారణాల గడికి అర పేజీ ఇచ్చి, వ్యతిరేక కారణాల గడికి మూడే గీతలు ఇవ్వడం నాకు ఏమాత్రం నచ్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే స్వభావం మనిషికి ఎలాగూ ఉంది. దానికి కాగితం కూడా తోడు పోకూడదు. పీటర్ వేసన్ 1960లో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 2, 4, 6 అనే వరుస ఒక నియమాన్ని పాటిస్తుందని చెప్పి, మరికొన్ని వరుసలు ప్రయత్నించి ఆ నియమాన్ని కనుక్కోమన్నారు. రెండేసి చొప్పున పెరిగే సంఖ్యలని చాలామంది అనుకుని, 8, 10, 12 వంటి తమ ఊహకు సరిపోయే వరుసలనే అడుగుతూ పోయారు. అన్నిటికీ అవునన్న సమాధానమే వచ్చింది. అసలు నియమం అంకెలు పెరుగుతూ ఉండడం మాత్రమే. తమ ఊహను పడగొట్టగల వరుసను, ఉదాహరణకు 1, 7, 30ని, ఒక్కసారి అడిగి ఉంటే విషయం తేలేది. నిర్ణయాల పుస్తకంలో ఆ ప్రశ్నకు స్థలం ఎక్కువ ఉండాలి. నేను మూడు నెలల తర్వాత రెండు గడులనూ మార్చుకుని, అర పేజీలో వ్యతిరేక కారణాలు రాయడం మొదలుపెట్టాను. మొదట్లో ఆ అర పేజీ నింపడం ఎంత కష్టమైందో చెబితే, అంతకు ముందు నా ఆలోచన ఎంత ఏకపక్షంగా ఉండేదో తెలుస్తుంది. గ్యారీ క్లైన్ సూచించిన ఒక పద్ధతి అప్పుడు సాయపడింది: పని ఇప్పటికే ఘోరంగా విఫలమైందని ఊహించుకుని, ఎందుకు విఫలమైందో రాయడం. ‘విఫలం కావచ్చా’ అని అడిగితే మొరాయించే మనసు, ‘అయిపోయింది, ఎందుకు’ అని అడిగితే ధారాళంగా చెబుతుంది.

పరిచయ భాగాన్ని మళ్ళీ రాయించాలి. అందులో నలభై దోషాల పేర్లు వరుసగా ఉన్నాయి. పేర్లు తెలిసినంత మాత్రాన దోషం తగ్గదు. పేర్లు తెలిసినవారు వాటిని ఎదుటివారి వాదనలో వెతకడానికే ఎక్కువగా వాడతారని నా అనుభవం. అంతకంటే తీవ్రమైన విషయం, అక్కడ అన్ని ఫలితాలనూ ఒకే స్థాయి నమ్మకంతో చెప్పారు. సంకల్ప బలం వాడేకొద్దీ తరిగిపోయే నిల్వ వంటిదనే భావనను స్థిరపడిన సత్యంగా రాశారు. 2016లో 23 ప్రయోగశాలలు, రెండు వేలకు పైగా మందితో కలిసి చేసిన పరీక్షలో ఆ ప్రభావం దాదాపు శూన్యంగా తేలింది. ఖైదీల పెరోల్ విచారణలో భోజన విరామానికి ముందు న్యాయమూర్తులు కఠినంగా ఉంటారని చెప్పిన 2011 నాటి అధ్యయనాన్ని కూడా ప్రశ్న లేకుండా ఉటంకించారు. కేసులు వచ్చే క్రమం యాదృచ్ఛికం కాదని, న్యాయవాది లేని ఖైదీల కేసులు విరామానికి ముందు వచ్చే అవకాశం ఎక్కువని అదే ఏడాది అభ్యంతరం ప్రచురితమైంది. తీర్పులో జాగ్రత్త నేర్పే పుస్తకం తన ఆధారాల విషయంలో ఇంత అజాగ్రత్తగా ఉండకూడదు.

అదే భాగంలో చెప్పిన లంగరు ప్రభావం, అంటే ముందుగా కంటపడిన అంకె మన అంచనాను తనవైపు లాగడం, మాత్రం గట్టి పునాది మీద ఉంది. ఆమోస్ ట్వెర్స్కీ, కానమన్ 1974లో వివరించిన ప్రయోగంలో ఒక చక్రాన్ని తిప్పి, అది ఆగిన అంకెను చూపి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతో అంచనా వేయమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవారి అంచనాల మధ్యస్థ విలువ 25, 65 దగ్గర ఆగినవారిది 45. చక్రానికీ దేశాలకూ సంబంధం లేదని అందరికీ తెలుసు, అయినా అంకె లాగింది. 2014లో 36 చోట్ల ఆరు వేలకు పైగా మందితో పాత ప్రయోగాలను తిరిగి చేసినప్పుడు లంగరు ప్రభావం చక్కగా నిలబడింది.

ఇంత బాగా వివరించినవారే యాప్‌ను అలా ఎందుకు తయారు చేశారో నాకు అర్థం కాలేదు. అందులో శాతాన్ని వేలితో జరిపే గీత ముందుగానే యాభై దగ్గర నిలబడి ఉంటుంది. దాని కిందనే, ఇటువంటి నిర్ణయాలకు మిగతా వాడుకరులు ఇచ్చిన సగటు అంకె కనిపిస్తుంది. మన అంచనా ఇవ్వకముందే రెండు లంగరులు వేసేశారన్నమాట. రెండు నెలలు యాప్‌లోనూ పుస్తకంలోనూ సమాంతరంగా రాసి చూశాను. యాప్‌లోని నా అంకెలు నలభై ఐదుకూ అరవై ఐదుకూ మధ్య గుమిగూడాయి, పుస్తకంలోనివి విస్తరించి ఉన్నాయి. ఇతరుల సగటు పనికివచ్చే సమాచారమే, కాని అది మన అంకె నమోదైన తర్వాత కనిపించాలి. ప్రస్తుతం ఉన్న రూపంలో యాప్‌ను వాడవద్దనే నా సలహా.

అన్నిటికంటే నన్ను బాధపెట్టినది ఏడాది సమీక్ష పేజీ. ప్రతి నిర్ణయం ఎదుటా ‘మంచి నిర్ణయం’, ‘చెడు నిర్ణయం’ అనే రెండు చుక్కల్లో ఒకటి నింపమంటుంది, అదీ ఫలితం తెలిశాక. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకే పండును రాల్చిందనుకునే కాకతాళీయ న్యాయం మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. మంచి ఆలోచన చెడు ఫలితంతో ముగియవచ్చు, గుడ్డి తెగింపు గెలవవచ్చు. జొనాథన్ బారన్, జాన్ హెర్షే 1988లో ఒకే వైద్య నిర్ణయాన్ని, ఒకే సమాచారంతో, రోగి బతికినట్టు కొందరికీ చనిపోయినట్టు కొందరికీ చెప్పి చూపినప్పుడు, బతికినట్టు విన్నవారు ఆ నిర్ణయాన్నే మెరుగైనదిగా తూచారు. వైద్యుడికి ఆ క్షణంలో తెలిసినది రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఏడాది పొడవునా రెక్క వెనుక కాపాడుకున్న నిజాయితీని ఈ సమీక్ష పేజీ ఒక్క సాయంత్రంలో పాడు చేయగలదు. నేను ఆ పేజీని వదిలేసి, నిర్ణయం తీసుకున్న రోజునే ఎడమ పేజీ మూలన ‘తగినంత ఆలోచించానా’ అన్న ప్రశ్నకు పది లోపు అంకె వేసుకుంటున్నాను. ఏడాది చివర ఆ అంకెనూ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నేను అదృష్టం కొద్దీ గట్టెక్కినవి ఎన్నో, సరిగా ఆలోచించి కూడా ఓడినవి ఎన్నో విడివిడిగా కనిపించాయి.

పుస్తకానికి సహజంగా ఉన్న ఒక పరిమితి కూడా చెప్పాలి. మనం నిర్ణయం అని గుర్తించినదే ఇందులోకి వస్తుంది. ఏమీ చేయకుండా ఉండిపోవడం కూడా ఎంపికేనని మనకు తట్టదు. ఒకే ప్రత్యామ్నాయాన్ని ‘ఇప్పుడు ఉన్నది’ అని చెప్పగానే దాన్ని ఎంచుకునేవారు పెరుగుతారని విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌసర్ 1988లో చూపారు. నెలకు ఒక పేజీ ‘ఈ నెల మార్చకుండా వదిలేసినవి’ అన్న శీర్షికతో ముద్రిస్తే బాగుండేది. నేను ఖాళీ పేజీల్లో సొంతంగా రాసుకున్నాను. రెండేళ్ళుగా అలవాటు కొద్దీ కొనసాగిస్తున్న ఒక ఒప్పందాన్ని ఆ పేజీ వల్లనే ఆపగలిగాను.

ప్రతి నిర్ణయానికీ కనీసం మూడు ప్రత్యామ్నాయాలు రాయాలన్న నిబంధన పెద్ద విషయాలకు సరే గాని చిన్నవాటికి భారం. హెర్బర్ట్ సైమన్ చెప్పినట్టు మనిషి సమయానికీ దృష్టికీ హద్దులున్నాయి. చాలా విషయాల్లో తగినంత బాగున్న మొదటిదాన్ని ఎంచుకుని ముందుకు పోవడమే తెలివైన పని. ఏది రాయనక్కర్లేదో పుస్తకం ఎక్కడా చెప్పదు. మొదటి నెలలో అన్నీ రాయబోయి నేను అలసిపోయాను. వెనక్కి తీసుకోవడం కష్టమైన నిర్ణయాలను మాత్రమే రాయడం మొదలుపెట్టాక వారానికి ఒకటి రెండు పేజీలతో సరిపోయింది. మనఃస్థితి గడిలోని ఐదు ముఖాల బొమ్మలు నాకు ఏమీ చెప్పలేదు. ‘నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు’ అని అడిగి ఉంటే ఏదైనా తెలిసేది.

కాగితం మందంగా ఉంది, సిరా వెనక్కి దిగదు, పుస్తకం బల్ల మీద చదునుగా తెరుచుకుంటుంది. రెక్కల మడత దగ్గర మాత్రం ఏడాదికే చిరుగులు మొదలయ్యాయి. ఇందులో ఇతరుల గురించి మనం నిర్మొహమాటంగా రాస్తాం కాబట్టి తాళం గాని, కనీసం మూసే పట్టీ గాని ఉండాలి. అది లేకపోవడం వల్ల మొదటి నెలల్లో కొన్ని కారణాలను మెత్తగా మార్చి రాశానని ఒప్పుకోవాలి.

త్వరగా ఫలితం ఆశించేవారికి ఇది తగదు. రెక్కల కింద నుంచి ఏదైనా ఉపయోగం కనబడేసరికి నాకు ఐదు నెలలు పట్టింది. తమ పనిలో తరచూ మనుషుల గురించీ గడువుల గురించీ మాట ఇవ్వవలసి వచ్చేవారికి, తమ పాత అంకెలను చూడగలిగే ఓపిక ఉన్నవారికి గట్టిగా సిఫారసు చేస్తాను. పరిచయ భాగం చదవకుండా, యాప్ దించుకోకుండా, సమీక్ష పేజీని ఖాళీగా వదిలి వాడమని కూడా చెబుతాను. నేను రెండో పుస్తకం కొన్నాను. ఇతరుల ప్రవర్తన గురించి తొంభై అని రాయబోయిన ప్రతిచోటా ఇప్పుడు ఆగి, మొదటి పుస్తకంలోని పట్టిక తెరిచి, ఆ ఏడు పేజీలను మళ్ళీ చదివి అంకె వేస్తున్నాను.